దారం తెగితే ఆగే చరఖా: ఇంట్లో నమూనా చేయడానికి ఏం కొనాలి, ఏం కొనొద్దు

మాది సంస్థాన్ నారాయణపురం మండలం పుట్టపాక, తేలియా రుమాళ్లు నేసే ఊరు. మామయ్య మగ్గం మీద కూర్చుంటే, నాడెలో పెట్టే కండెలు చుట్టే పని అత్తమ్మది. చేత్తో తిప్పే చరఖాకు మూడేళ్ల కింద కుట్టుమిషన్ మోటారు బిగించాం. అత్తమ్మకు భుజం నొప్పి తగ్గింది కానీ ఇంకో తంటా వచ్చిపడింది. దారం తెగిన సంగతి మోటారుకు తెలియదు. అది తిరుగుతూనే ఉంటుంది. తెగిన కొస కండెలో ఎక్కడో కూరుకుపోతుంది. చిటికి కట్టి రంగులద్దిన పేక (అడ్డపోగు) నూలుకు ఒక వరుస ఉంటుంది. ఆ కొస దొరక్క నాలుగు మూరలు పారేస్తే డిజైన్ అక్కడ కదిలిపోతుంది.

"గీ మోటారుకు కండ్లు లేవు బిడ్డా" అంది అత్తమ్మ ఒకరోజు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాను. మోటారుకు కళ్లు పెట్టాలనుకున్నాను. ఏడాదిన్నర పట్టింది, నాలుగు నమూనాలు చేశాను. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లలు వచ్చి "అక్కా, మా దగ్గర ఒక ఐడియా ఉంది, ముందు ఏ మిషన్ కొనాలి?" అని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తప్పు చెబుతాను. నేను అన్నిటికంటే ముందు కొన్నది ఆర్డునో కిట్, అంటే ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు. సెల్లులో వీడియోలు చూసి బోర్డు, ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్, వైర్లు అన్నీ తెప్పించుకున్నాను. ఆ సెన్సార్ కంటికి కనిపించని కాంతిని పంపి, ఎదురుగా ఉన్న వస్తువు మీద పడి తిరిగొచ్చే వెలుగును పట్టుకుంటుంది. చెయ్యి అడ్డం పెడితే బ్రహ్మాండంగా పనిచేసింది. పట్టు దారం పెడితే దానికి అసలు కనిపించలేదు. పైగా పొద్దున కిటికీలోంచి ఎండ పడితే చాలు, దారం ఉన్నా లేకపోయినా లైటు వెలుగుతూ ఆరుతూ ఉండేది. నెల రోజులు పోయాయి. కిట్ మంచిదే, తర్వాత వేరే పనికి వాడాను. కానీ నాకు తెలుసుకోవాల్సింది ఏమిటో తేల్చుకోకుండానే దాన్ని కొన్నాను.

అందుకే ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా ముందు నోటుబుక్కులో ఒక ప్రశ్న రాస్తాను. ఒక నమూనా ఒక ప్రశ్నకే జవాబు చెప్పాలి. నా మొదటి ప్రశ్న ఇది: "దారం తెగినప్పుడు, దాని మీద ఆనించిన తేలికైన వస్తువు ప్రతిసారీ కింద పడుతుందా?" దీనికి మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. అట్టపెట్టె ముక్కతో స్టాండ్, పాత గొడుగు కడ్డీతో ఇరుసు, దానికి వేలాడే హెయిర్‌పిన్ను. దారం జారడానికి చేతికి వేసుకునే గాజు ఒకటి. గాజు నున్నగా ఉంటుంది, పట్టు పోగు దాని మీద రేగదు. ఖర్చు సున్నా. యాభై సార్లు కత్తెరతో దారం తెంపి నోటుబుక్కులో గీతలు పెట్టాను. నలభై ఎనిమిది సార్లు పిన్ను పడింది, రెండు సార్లు కడ్డీ తుప్పుకు పట్టుకుని నిలబడిపోయింది. గొడుగు కడ్డీ తీసేసి సైకిల్ స్పోకు పెట్టాను. రెండు మిల్లీమీటర్ల స్టీలు కడ్డీ అది, నిటారుగా, నున్నగా ఉంటుంది. అప్పుడు యాభైకి యాభై పడింది.

మీరూ మొదటి నమూనాకు అట్ట, చీపురు పుల్లలు, స్పోకులు, పాత బాల్‌పెన్ గొట్టాలు, రబ్బరు బ్యాండ్లు, ఫెవిక్విక్‌తో సరిపెట్టండి. ఫెవిక్విక్ గురించి ఒక మాట. రెండు ముక్కల మధ్య సందు ఉంటే అది అంటదు. ఆ సందులో కొంచెం వంటసోడా చల్లి, పైన ఒక్క చుక్క వేస్తే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది, ఆకురాయితో రాసి నునుపు చేసుకోవచ్చు కూడా. అప్పుడు వేడి పుడుతుంది, పొగ వస్తుంది. ముఖం దూరంగా పెట్టండి, కిటికీ తెరవండి.

డబ్బు పెట్టి కొనాల్సిన మొదటి వస్తువు

వెర్నియర్ కాలిపర్, అంటే వస్తువును దవడల మధ్య పట్టి కచ్చితంగా కొలిచే పనిముట్టు. డ్రిల్లు కంటే ముందు, గ్రైండర్ కంటే ముందు ఇదే. డిజిటల్‌ది 800 రూపాయలకు కొన్నాను. స్కేలుతో కొలిస్తే అర మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. బేరింగు పట్టే చోట అర మిల్లీమీటరు తేడా అంటే ఆ ముక్క పనికిరాదన్నట్టే. మళ్లీ మళ్లీ లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) దగ్గరికి తిరగాల్సి వస్తుంది.

కొన్నది సరిగ్గా కొలుస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. 608 నంబరు బేరింగు ఒకటి తీసుకోండి. స్కేటింగ్ చక్రాల్లో ఉండేది అదే, ఎక్కడైనా దొరుకుతుంది. దాని లోపలి రంధ్రం 8, బయటి చుట్టు 22, మందం 7 మిల్లీమీటర్లు. బేరింగులను చాలా కచ్చితంగా తయారుచేస్తారు కాబట్టి కాలిపర్ 22.00కి దగ్గరగా చూపించాలి. దవడలు మూసినప్పుడు సున్నా రావాలి. ఆ రెండూ సరిగ్గా ఉంటే నమ్మొచ్చు. వాడనప్పుడు సెల్ తీసి పెట్టండి. చవక కాలిపర్లు ఆపేసినా సెల్ తాగుతూనే ఉంటాయి.

బేరింగు నంబర్లు కొన్ని బట్టీ పట్టండి, పాత సామాన్ల దుకాణంలో బాగా అక్కరకొస్తాయి. 6201 రంధ్రం 12 మిల్లీమీటర్లు, 6202ది 15, 6203ది 17, 6204ది 20. నంబరు బేరింగు పక్కనే చెక్కి ఉంటుంది. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులు ఎక్కువ. అక్కడి పాత ఇనుప దుకాణాల్లో బెల్టులు, పుల్లీలు, బేరింగు హౌసింగులు కిలోల లెక్కన దొరుకుతాయి. కాలిపర్ జేబులో పెట్టుకుని పొండి. పాత ప్రింటర్ కనిపిస్తే వదలొద్దు. లోపల కొంచెం కొంచెంగా లెక్క ప్రకారం తిరిగే స్టెప్పర్ మోటారు, నున్నటి స్టీలు కడ్డీలు, పళ్ల బెల్టు ఉంటాయి. నా మూడో నమూనాలో దారాన్ని అటూ ఇటూ నడిపించిన కడ్డీ ప్రింటర్‌లోదే.

కోయడం, తొలవడం

ఇనుము కోసే యాక్సా బ్లేడు ఫ్రేముతో సహా, ముక్కను బిగించి పట్టే మూడు అంగుళాల వైస్ ఒకటి, రెండు ఆకురాళ్లు, సెంటర్ పంచ్, 10 మిల్లీమీటర్ల చేతి డ్రిల్లు. నాకు ఇవి చాలు. వైస్‌ను మందపాటి పలకకు బోల్టులతో బిగించి, ఆ పలకను మంచం కోడుకు కట్టేస్తాను. వేరే గది లేదు, పని అయ్యాక తీసి లోపల పెట్టేస్తాను. యాక్సా బ్లేడు పళ్లు ముందుకు చూడాలి, నెట్టేటప్పుడు కోయాలి. పలుచటి రేకు కోసేటప్పుడు సన్న పళ్ల బ్లేడు వాడండి, అంగుళానికి 32 పళ్లది. ఏ క్షణానైనా కనీసం మూడు పళ్లు లోహం మీద ఉండాలి, లేకుంటే పళ్లు విరిగిపోతాయి.

ఇనుముకు రంధ్రం వేసేటప్పుడు ముందు పంచ్‌తో గుంట కొట్టండి, ఒక చుక్క నూనె వేయండి, డ్రిల్లును నెమ్మదిగా తిప్పండి. ముక్కను చేత్తో పట్టుకోవద్దు. బిట్ అవతలికి దిగే క్షణంలో పట్టేసుకుని ముక్క గిర్రున తిరుగుతుంది. రంధ్రంలో మర కోయాలంటే ట్యాప్ కావాలి. ఆ లెక్కలు నా గోడ మీద రాసుకున్నాను: ఎం3కి (అంటే 3 మిల్లీమీటర్ల స్క్రూకు) 2.5 మిల్లీమీటర్ల బిట్, ఎం4కి 3.3, ఎం5కి 4.2, ఎం6కి 5. ట్యాప్‌ను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పొండి.

ప్లాస్టిక్ షీటు కావాలంటే కొనకండి. ఇల్లు కట్టిన చోట మిగిలిన 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క అడగండి. నిలువుగా ఒక గాటు పెట్టి కోసి, మరిగే నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. వేడి మీదే విప్పి రెండు షాబాద్ బండల మధ్య పెట్టి పైన బరువు పెట్టండి. చల్లారాక సుమారు 34 సెంటీమీటర్ల వెడల్పు పలక వస్తుంది. కోయడానికి, తొలవడానికి, అంటించడానికి అంత వీలైన వస్తువు ఇంకోటి నాకు దొరకలేదు. మంట మీద మాత్రం పెట్టొద్దు. పీవీసీ కాలితే వచ్చే పొగలో ఆమ్లం ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. రెండో నమూనా నడుపుతుండగా నా చున్నీ కొస చరఖా కదురుకు చుట్టుకుంది. మోటారు చిన్నది కాబట్టి, పెడల్ మీద నుంచి కాలు తీశాను కాబట్టి మెడ దగ్గర గీరుకుపోవడంతో ఆగింది. ఆ రోజు నుంచి తిరిగే దేని దగ్గరైనా చున్నీ తీసేస్తాను, జుట్టు ముడి వేస్తాను, గాజులు తీస్తాను. గ్రైండర్ అయితే గార్డు తీసి నడపకండి, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకండి. డబ్బు చాలకపోతే గ్రైండర్ వాయిదా వేసుకోండి, కళ్లద్దాలు మాత్రం ముందే కొనండి.

కరెంటు పని

మల్టీమీటర్ 250 రూపాయలది చాలు. బీప్ శబ్దం వచ్చేది తీసుకోండి, వైరు తెగిందో లేదో చెవితోనే తెలుస్తుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సీసం, రోజిన్. ముందు కలపాల్సిన చోటును వేడిచేసి, ఆ వేడికే సీసం కరగనివ్వాలి. ఐరన్ మొన మీద కరిగించి పూస్తే పైకి అతికినట్టే ఉంటుంది, వారానికే ఊడుతుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలుంటే మరీ.

ఏ దుకాణంలోనూ దొరకని పనిముట్టు ఒకటి ఉంది: సిరీస్ బోర్డు. మోటారు వైండింగ్ షాపుల్లో మీరు చూసే ఉంటారు. ఒక హోల్డరులో 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు, దానికి సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే వచ్చేలా, ఒక సాకెట్టు. కొత్తగా చేసిన ఏ పరికరాన్నైనా మొదటిసారి ఈ సాకెట్టులోనే పెట్టాలి. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, అంతే, ఫ్యూజు పోదు, మంట రాదు. ఆ బల్బు అర ఆంపియరు కంటే తక్కువ కరెంటునే పోనిస్తుంది. ఎల్ఈడీ బల్బు పెడితే ఈ పని జరగదు. సిరీస్ బోర్డు మంట నుంచి కాపాడుతుంది, షాక్ నుంచి కాపాడదు. దానికి ఇంటి మెయిన్ దగ్గర కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. మాకు లేకపోతే నమూనా ఖర్చులో కలిపి పెట్టించాను.

ఇప్పుడు మా చరఖా సంగతి. అత్తమ్మ చేతికి తగిలే భాగాల్లో 230 వోల్టులు ఉండకూడదని ముందే రాసుకున్నాను. అందుకే పిన్ను దగ్గర 12 వోల్టుల అడాప్టర్, మోటారును కలిపి విడదీయడానికి ఒక రిలే, అంటే చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్చు. మొదట పిన్ను పడి రేకును తాకితే మోటారు ఆగేలా పెట్టాను. వారం నడిచింది. ఎనిమిదో రోజు దారం తెగింది, పిన్ను పడింది, మోటారు ఆగలేదు. పట్టు నూగు వచ్చి రేకు మీద పేరుకుంది, పిన్నుకూ రేకుకూ మధ్య మెత్తటి పొర. అత్తమ్మ ఏమీ అనలేదు. కండె విప్పి కొస వెతుక్కుంటూ కూర్చుంది. నాకు చాలా బాధేసింది.

ఆ తర్వాత లెక్క తిప్పేశాను. దారం బాగున్నంత సేపే సర్క్యూట్ కలిసి ఉండాలి, దారం పోతే విడిపోవాలి. అప్పుడు నూగు పడినా, వైరు తెగినా, అడాప్టర్ కాలినా మోటారు ఆగుతుంది. తప్పు జరిగితే ఆగిపోయే వైపే జరగాలి. దీనికి రీడ్ స్విచ్చు వాడాను. తలుపు అలారాల్లో ఉండే చిన్న గాజు గొట్టం అది. అయస్కాంతం దగ్గరికి వస్తే లోపలి రేకులు కలుస్తాయి. గాజు లోపల ఉంటాయి కాబట్టి నూగు చేరదు. హెయిర్‌పిన్ను కొసకు బియ్యపు గింజంత అయస్కాంతం అంటించాను. దారం పిన్నును ఎత్తి పట్టినంత సేపు అయస్కాంతం గొట్టం దగ్గర ఉంటుంది, దారం తెగితే దూరం పోతుంది.

మరి పిన్ను మళ్లీ పైకి లేస్తే మోటారు దానంతట అదే తిరగదా? తిరగకూడదు, వేళ్లు అక్కడే ఉంటాయి. బోరు మోటారు స్టార్టర్‌లో పచ్చ బటన్ నొక్కితే పట్టుకుంటుంది, కరెంటు పోయి వస్తే మళ్లీ నొక్కేదాకా నడవదు కదా. అదే పద్ధతి. ఎనిమిది కాళ్ల 12 వోల్టుల రిలే తీసుకుంటే లోపల రెండు జతల కాంటాక్టులుంటాయి. ఒక జత మోటారుకు, రెండో జత పచ్చ బటన్‌కు సమాంతరంగా. వీటన్నిటికీ సిరీస్‌లో రీడ్ స్విచ్చు. రిలే చుట్టకు అడ్డంగా కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ ఒకటి, గీత ఉన్న కాలు ప్లస్ వైపు. అది లేకుంటే రిలే విడిపోయిన ప్రతిసారీ చుట్టలో పుట్టే ఎదురు వోల్టేజి రీడ్ స్విచ్చు రేకులను మెల్లగా కాల్చేస్తుంది. ఈ మొత్తంలో ఆర్డునో లేదు, ప్రోగ్రాం లేదు. రీడ్ స్విచ్చు, రిలే, డయోడ్, బటన్ అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క దుకాణంలోనే దొరికాయి, 150 రూపాయల లోపే. కుట్టుమిషన్ మోటారులో కార్బన్ బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు వస్తాయి, నూగు అక్కడ చేరకుండా వారానికోసారి ప్లగ్గు తీసి బ్రష్షుతో దులపండి.

3డీ ప్రింటరు కొనాలా

మొదటి ఏడాది వద్దు. టింకర్‌క్యాడ్ అనేది బ్రౌజరులోనే నడుస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. అందులో బొమ్మ గీసి ఫైలు పంపితే గ్రాముల లెక్కన ప్రింటు చేసిచ్చేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. నేను పిన్ను పట్టే చిన్న బ్రాకెట్ ఒక్కటే అలా చేయించుకున్నాను. మొదటిది పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో వచ్చింది. మే నెలలో స్కూటీ సీటు కింద పెట్టి నల్లగొండ వెళ్లొచ్చేసరికి అరటి తొక్కలా వంగిపోయింది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన ఎండలకు పీఈటీజీ అడగండి, అది 80 దాకా ఓర్చుకుంటుంది.

లోహపు ముక్కలకు లేత్ ఉంది. చౌటుప్పల్‌లో నేను వెళ్లే లేత్ అన్న మొదట్లో నా మాట సరిగ్గా వినలేదు, నోటితో చెప్పేదాన్ని కాబట్టి. తర్వాత తెల్ల కాగితం మీద ముక్కను మూడు వైపుల నుంచి గీసి, ప్రతి కొలతా మిల్లీమీటర్లలో రాసి, అందులో పట్టాల్సిన బేరింగును కూడా చేతిలో పెట్టాను. "టైటా, లూజా?" అన్న ఒక్క ప్రశ్న అడిగి పని మొదలుపెట్టాడు. పెద్ద యంత్రాలు అవసరమయ్యే స్థాయికి వస్తే హైదరాబాద్ రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది. నమూనాలు చేసుకోవడానికే 2023 మార్చిలో ప్రారంభించారు.

ఎవరికి చూపించాలి, ఎప్పుడు

మా జిల్లాలో ఈ మాట వస్తే ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారి పేరు రాకుండా ఉండదు. ఆసు పోయడానికి (నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి అమర్చడానికి) వాళ్లమ్మ లక్ష్మి గారు చీరకు వేల సార్లు చెయ్యి ఆడించడం చూసి 1992లో మొదలుపెట్టి, 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను ఆయన నుంచి తీసుకున్నది ఆ ఏడేళ్ల లెక్క. ఒక్కో కదలికను విడిగా తేల్చుకుంటూ, డబ్బు దొరికినప్పుడల్లా ముందుకు జరిపారు. ఆరు నెలల్లో అవ్వలేదని టెన్షన్ పడే పిల్లలకు నేను ఇది చెబుతాను.

పేటెంటు ఆలోచన ఉంటే ప్రదర్శనలో పెట్టకముందే, వీడియో ఎక్కించకముందే దరఖాస్తు చేయండి. ముందే నలుగురికీ చూపిస్తే కొత్తదనం లేదని ఆక్షేపణ రావచ్చు. విడి వ్యక్తులు ఆన్‌లైన్‌లో ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తుకు కట్టే ఫీజు 1,600 రూపాయలు. దాని తర్వాత పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది, ఈలోగా నమూనా మెరుగు చేసుకోవచ్చు. దానికంటే ముందు పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో ఉచితంగా వెతకండి. నేను వెతికాను. మిల్లు మగ్గాల్లో పడుగు పోగు తెగితే ఆపడానికి ఇలా వేలాడే పలుచటి రేకులే ఎప్పటి నుంచో ఉన్నాయని తెలిసింది. కాబట్టి నేను దరఖాస్తు చేయలేదు, పద్ధతి ఇక్కడ మొత్తం రాసేస్తున్నాను. మీది నిజంగా కొత్తదైతే పల్లె సృజన వాళ్లను కలవండి, పల్లెల్లో ఇలాంటివి చేసేవాళ్లకు తోడుగా ఉంటారు. రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019లో మొదలుపెట్టిన ఇంటింటా ఇన్నోవేటర్ కార్యక్రమం కింద ఆగస్టు 15న జిల్లాల్లో ప్రదర్శన అవకాశం ఉంటుంది.

నమూనా పనిచేస్తుందని మీకు అనిపించిన రోజున దాన్ని వాడాల్సిన మనిషికి ఇచ్చి, వారం రోజులు పక్కకు జరగండి. నేర్పించకండి, సర్దకండి, చూసి రాసుకోండి. నేను నాలుగో నమూనాను అత్తమ్మకు ఇచ్చి పక్కన కూరగాయలు తరుగుతూ కూర్చున్నాను. మొదటి రోజు దారం పదకొండు సార్లు తెగింది, పదకొండు సార్లూ మోటారు ఆగింది. కానీ ప్రతిసారీ ఆమె దారం ముడివేసి, కొసను కుడి చేత్తో బిగువుగా పట్టుకుని, పచ్చ బటన్ కోసం ఎడమ చేతిని చరఖా మీదుగా అటు పక్కకు చాపుతోంది. నేను కుడి చేతివాటం చూసుకుని బటన్ కుడివైపు పెట్టాను. ఆ రాత్రే రెండు స్క్రూలు విప్పి, పీవీసీ పలకకు ఎడమ పక్కన ఎం3 రంధ్రాలు రెండు వేసి బటన్ అక్కడికి మార్చాను. తెల్లారి అత్తమ్మ కూర్చుని, చూడకుండానే చెయ్యి వేసింది. బటన్ అక్కడే ఉంది.